మోడల్ ముఖంలో దొర్లిన పొరపాటు

మా కళాశాల చిత్రకళా విభాగం వారి వార్షిక విద్యార్థి ప్రదర్శన ఎప్పటిలాగే దిగ్విజయంగా ముగిసిందని, ప్రదర్శన కన్వీనరుగా, సంతోషంతో తెలియజేస్తున్నాను. ముప్పైనాలుగు బొమ్మలు గోడకెక్కాయి. ఒక్కటీ కింద పడలేదు. కిందటేడు మూడు పడ్డాయి కాబట్టి దీన్ని ప్రగతి అనే అనాలి. కాకపోతే ఈసారి ఒక చిన్న పొరపాటు దొర్లింది. బొమ్మల్లో కాదు, మోడల్ ముఖంలో. దాన్ని మేము పూర్తి ప్రజాస్వామ్య పద్ధతిలో సరిదిద్దాం. అయినా ఊళ్ళో నోటికొచ్చినట్టు చెప్పుకుంటున్నారు గనక, జరిగింది జరిగినట్టు చెప్పడం నా ధర్మం.

మా విభాగంలో చివరి ఏడాది విద్యార్థులందరూ తైలవర్ణాల్లో ఒక ముఖచిత్రం వెయ్యాలి. గదిలో మోడల్ ఉండగానే వెయ్యాలి. ఇది నిబంధన. అందుకని మాకొక మోడల్ ఉన్నాడు. పిల్లలూ పెద్దలూ అందరూ ఆయన్ని తాత అంటారు. ఇరవై ఏడేళ్ళ కిందట చేరినప్పుడు ఒత్తయిన నల్లజుట్టు, బుగ్గల దాకా పాకిన మీసం, చూడగానే నమస్కారం పెట్టాలనిపించే వాలకం. అంతకుముందు రైల్వే స్టేషన్లో సామాన్లు మోసేవాడట. నెత్తిన ఏమీ లేకుండా ఊరికే కూర్చుంటే జీతమిస్తామంటే మొదటి నెలంతా నమ్మలేదు. ఇప్పుడాయన తల నున్నబడింది. పళ్ళు కట్టుడువి. టీ తాగినప్పుడల్లా తడుస్తోందని మీసం తీయించేశాడు. చెవులు మాత్రం వయసుతోపాటు ఇంకాస్త పెరిగాయి.

ఇక ఆదర్శ చిత్రం గురించి చెప్పాలి. తాత చేరిన తొలి ఏడాదే ఒక విద్యార్థి ఆయన్ని చూసి బొమ్మ వేశాడు. మీసం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. మీసం దగ్గరే కాలమంతా ఖర్చయిపోయి, గంట కొట్టేసరికి ఎడమ చెవి మిగిలిపోయింది. ఆ కుర్రాడు కంగారు పడలేదు. ముదురు గోధుమరంగు ముద్దగా తీసి ఆ పక్కంతా పూసేశాడు. ఆ బొమ్మకు బంగారు పతకం వచ్చింది. ఆ కుర్రాడే నేటి మా విభాగాధిపతి. ఆ పూత మీద ఆయన రెండువందల పేజీల పరిశోధన గ్రంథం రాశారు. వినడానికి నిరాకరించే ఆధునిక మానవుడి మౌనం అందులో ఉందని నిరూపించారు. ఆ గ్రంథానికి డాక్టరేటు కూడా వచ్చింది. గంట సంగతి నాకెలా తెలుసంటే, ఆ రోజు పక్క స్టాండు దగ్గర నిలబడి వేసింది నేను. నాకు రెండు చెవులూ పూర్తయ్యాయి. అందుకే నేనింకా లెక్చరర్నే.

అప్పటి నుంచి ఆదర్శ చిత్రం మా స్టూడియోలో తూర్పు గోడ మీద ఉంది. దాన్ని చూసి వేసినవాడికల్లా మంచి మార్కులు వచ్చాయి. చూడనివాడికి రాలేదు. ఇక విద్యార్థులకు ఎవరైనా చెప్పాలా? స్టాండులన్నీ తూర్పుకు తిరిగాయి. తాత స్టూలు మొదట మధ్యలో ఉండేది. చూపుకు అడ్డం వస్తున్నాడని వెనక్కి జరిపాం, మళ్ళీ జరిపాం, చివరికి పడమటి గోడకు ఆనించాం. ముప్పైకి పైగా వీపుల వెనక ఆయన రోజూ పదింటి నుంచి ఒంటిగంట దాకా కదలకుండా కూర్చుంటాడు. మధ్యాహ్నం దాకా కదలకపోవడమంటే మాటలు కాదు. ఎవరూ చూడనప్పుడు కూడా కదలకపోవడాన్ని వృత్తిధర్మం అంటారు. ఒకసారి నేనే జాలిపడి, కాస్త నడుం వాల్చుకో తాతా అన్నాను.

"కూర్చోడానికి కదా బాబూ జీతమిస్తున్నారు," అన్నాడాయన. "కనపడ్డానికి కాదు కదా."

ఈ సుఖసంసారంలోకి దర్జీ గారి అమ్మాయి వచ్చింది. కళాశాల వెనక వీధిలో వాళ్ళ నాన్నకు కుట్టు దుకాణం ఉంది. మనిషిని ఎగాదిగా చూసి, టేపు పెట్టి, అప్పుడు కత్తెర పట్టే ఇల్లు. ఆ ఇంటి పిల్లకు ముందు చూడటం, తరువాత చెయ్యి కదపడం అలవాటైపోయింది. చిత్రకళా విద్యార్థికి ఇంతకు మించిన దురలవాటు లేదు. మొదటిరోజే ఆ పిల్ల స్టాండు పట్టుకుని గిర్రున పడమటికి తిప్పింది. ముప్పైముగ్గురూ ఒకవైపు, తనొక్కతే ఒకవైపు. ఎండ కంట్లో పడుతోందేమో, ఆడపిల్ల, పోనీలే అనుకున్నాం. చూస్తుండగా తాత భుజాలు నిటారయ్యాయి. మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నెలన్నరపాటు వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. మా పర్యవేక్షణ లోపమే, ఒప్పుకుంటున్నాను.

బొమ్మ పూర్తయిన రోజు ఆ పిల్ల తాతను పిలిచి చూపించింది. ఇరవై ఏడేళ్ళలో ఆయన్ని అలా పిలిచినవాళ్ళు లేరు. వచ్చి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, చాలాసేపు చూశాడు.

"మా నాన్న అనుకున్నానమ్మా," అన్నాడు. ఇంకాస్త దగ్గరికొచ్చి, "నేనేనా? సరే. ఇంత ముసలాణ్ణయ్యానన్నమాట," అన్నాడు. తరువాత బొమ్మ మీదికి వంగి, "చెవులు రెండూ పెట్టావే," అని నవ్వాడు. ఆ నవ్వులో కట్టుడు పళ్ళు కొద్దిగా జారాయి. సర్దుకున్నాడు. నేను కిటికీ అవతల టీ తాగుతూ ఇదంతా చూశాను. నా టీ చల్లారిపోయిన మాట నిజం. అయితే అది అధికారికంగా నమోదు కాలేదు.

పరీక్ష రోజున బయటి పరీక్షకుడు వచ్చాడు. ఆయన పద్ధతి నిష్కళంకమైనది. ప్రతి బొమ్మనూ ఆదర్శ చిత్రం పక్కన పెట్టి, అటోసారి ఇటోసారి చూసి, ఎంత దగ్గరికొస్తే అన్ని మార్కులు వేస్తాడు. ముప్పైమూడు బొమ్మలు నలభై నిమిషాల్లో అయిపోయాయి. ముప్పైనాలుగోదాని దగ్గర ఆయన కలం ఆగిపోయింది.

"ఇదెవరమ్మా?"

"తాత సార్."

"మీ తాత బొమ్మ వేస్తే మార్కులెలా వేస్తానమ్మా? మోడల్‌ని కదా వెయ్యాలి."

"మోడలే సార్. అదిగో, అక్కడ కూర్చున్నాడు."

పరీక్షకుడు వెనక్కి తిరిగి చూశాడు. తొమ్మిదేళ్ళుగా మా పరీక్షలకు వస్తున్నాడాయన. ఆ మూల కూర్చునే మనిషి ఎవరో విద్యార్థి తాలూకు పెద్దదిక్కు అనీ, పాపం ఎప్పుడూ త్వరగా వచ్చేస్తాడనీ అనుకునేవాడట. బొమ్మనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు. నీళ్ళు తాగాడు. ఆ రోజుకు మార్కులు ఆపేసి, సమస్య తీవ్రమైనదని రాసి సంతకం పెట్టాడు.

ఆ అమ్మాయికి ఇక్కడొక అవసరం ఉంది, అది కూడా చెప్పాలి. ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. నెలాఖరులోగా పాసైన పత్రం చూపించాలి, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. వాళ్ళ నాన్నకు చూపు మందగించి ఏడాదైంది. సూదిలో దారం తను ఎక్కించలేక, కూతురు కళాశాలకు వెళ్ళేముందు ఇరవై సూదుల్లో దారాలెక్కించి దిండుకు గుచ్చి వెళ్తుంది. ఆ ఇరవై అయిపోతే ఆ రోజుకు దుకాణం మూసేస్తాడు. కాబట్టి ఈ పిల్ల పాసవడం అందరికీ కావాలి. మాక్కూడా కావాలి. మేమేమీ రాక్షసులం కాదు.

విభాగం అత్యవసర సమావేశం జరిగింది. విభాగాధిపతి గారి ప్రసంగంలోని ముఖ్యాంశాలు ఇక్కడ ఇవ్వకపోతే భావితరాలకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. "కళ అంటే కనిపించింది వెయ్యడం కాదు. కనిపించినదాన్ని పట్టుకోడానికి ఫోన్లున్నాయి. కళ అంటే ప్రమాణం. ఇరవై ఏడేళ్ళుగా ఈ విభాగం తన ప్రమాణాన్ని వెంట్రుకవాసి కూడా తప్పలేదు. తప్పిందెవరు? మోడల్. ఎవరికీ చెప్పకుండా, దరఖాస్తు పెట్టకుండా, ఏటేటా కొద్దికొద్దిగా తప్పుకుంటూ వచ్చాడు. జుట్టు పోయింది, మనకు రాసి ఇచ్చాడా? మీసం తీశాడు, అనుమతి ఉందా? ఆ అమ్మాయిని నేనేమీ అనను. ఆ అమ్మాయి అమాయకంగా ఒక తప్పుడు మనిషిని సరిగ్గా వేసింది." చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి మరి.

మీసం తీసినందుకు వివరణ కోరుతూ తాతకు నోటీసు ఇచ్చాం. ఆయనకు చదవడం రాదు. నేనే చదివి వినిపించాను. మళ్ళీ పెంచమంటారా బాబూ, ఇప్పుడైతే తెల్లగా వస్తుంది, అని అడిగాడు. ఆ జవాబును ధిక్కారంగా నమోదు చేశాం.

అమ్మాయికి మాత్రం ఉదారంగా ఒక అవకాశం ఇచ్చారు. బొమ్మ మీద జుట్టు వేసి, మీసం పెట్టి, ఎడమ చెవి మీద ముదురు గోధుమరంగు పూస్తే చాలు. పావుగంట పని. పాసు. కుంచె నేనే తీసుకెళ్ళి చేతికిచ్చాను. రంగు కూడా కలిపి పెట్టాను. కన్నకూతురికైనా అంతకన్నా ఎక్కువ చేసేవాణ్ణి కాదు.

"వెయ్యడం ఎంతసేపు సార్," అందా అమ్మాయి. "కానీ తాత చూసేశాడు. ఇప్పుడు దీనికి మీసం పెడితే ఆయనెక్కడికి పోవాలి?"

"ఆయనెక్కడికీ పోడమ్మా, స్టూలు మీదే ఉంటాడు. నీ ఉద్యోగం సంగతి చూసుకో. మీ నాన్న సంగతి చూసుకో."

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుంచె మాత్రం ముంచలేదు. మర్నాడు వాళ్ళ నాన్నను పిలిపించాం. మెళ్ళో టేపుతోనే వచ్చాడు. బొమ్మకు ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళి చూశాడు, వెనక్కొచ్చి తాతను చూశాడు. "ఎడమ భుజం అర అంగుళం కిందికుంది. మూటలు మోసిన భుజం. సరిగ్గా పట్టావమ్మా," అన్నాడు కూతురితో. ఇది కుట్టుపని కాదని విభాగాధిపతి గారు ఆయనకు సున్నితంగా గుర్తుచేశారు. దర్జీ టేపు చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడ్డాడు. అడగాలని ఉంది, కూతుర్ని ఒప్పుకోమని. నోటిదాకా వచ్చింది కూడా. చివరికి, "నీ ఇష్టం తల్లీ. దారం ఎవరితోనైనా ఎక్కించుకుంటాలే," అని వెళ్ళిపోయాడు.

ఇంత మొండితనానికి కూడా మా విభాగం న్యాయమే చేసింది. నిర్ణయం ప్రజలకు వదిలేశాం. ప్రదర్శన మూడు రోజులూ ఆదర్శ చిత్రాన్నీ ఆ అమ్మాయి బొమ్మనూ పక్కపక్కన వేలాడదీస్తాం. మధ్యలో స్టూలు మీద తాత కూర్చుంటాడు. మోడల్‌ను పోలిన చిత్రం ఏది అన్న ప్రశ్నకు సందర్శకులు చీటీ రాసి పెట్టెలో వేస్తారు. ఎక్కువ చీటీలు ఆ అమ్మాయి బొమ్మకు వస్తే పాసు, లేకపోతే ఫెయిలు. లెక్క గంట గంటకూ పలక మీద రాయించాలన్నది విభాగాధిపతి గారి ఆలోచన. తన విజయాన్ని నెమ్మదిగా ఆస్వాదించాలనుకున్నారు. తాతకు ఓటివ్వాలని ఎవరో అన్నారు గానీ, సొంత ముఖం విషయంలో మనిషి నిష్పాక్షికంగా ఉండలేడని కొట్టేశాం.

మొదటిరోజు ముఖ్య అతిథి వచ్చారు. గోడల రంగుల కంపెనీ యజమాని. కళాకారులూ తామూ ఒకే వృత్తిలో ఉన్నామని, కాకపోతే తమ రంగుకు పదేళ్ళ పూచీ ఉంటుందని చెప్పారు. ఆదర్శ చిత్రం మీద వేలితో రాసి చూసి, పొట్టు లేవలేదని మెచ్చుకుని దానికే ఓటు వేశారు. ఆయన వెనక వచ్చిన పెద్దలందరూ ఆయన వేలు పెట్టినచోటే వేళ్ళు పెట్టారు. ముప్పైముగ్గురు విద్యార్థుల తల్లిదండ్రులూ వచ్చారు. వాళ్ళ పిల్లల మార్కులు మీసం మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి ఆలోచించాల్సిన పనిలేకపోయింది. కొందరు పతకం చూసి వేశారు. కొందరు చట్రం బరువు చూసి వేశారు. ఒకాయన రెండు బొమ్మలూ చూసి, మరుగుదొడ్డి ఎటని తాతనే అడిగాడు. సాయంత్రానికి ఆదర్శ చిత్రానికి నూటపది, అమ్మాయి బొమ్మకు పన్నెండు. విభాగాధిపతి గారు నాకు కాఫీ ఇప్పించారు.

రెండోరోజు ఎవరు చెప్పారో ఏమో, ఎన్నడూ మా గుమ్మం తొక్కని జనం రావడం మొదలెట్టారు. క్షౌరశాల ఆయన వచ్చి, "ఈ మీసం తీసింది నేనేనండీ, ఇంకేం పోలిక చూడాలి?" అన్నాడు. కళా నిపుణుడు కాదు కాబట్టి ఆయన సాక్ష్యం చెల్లలేదు, ఓటు మాత్రం చెల్లింది. కళ్ళ ఆసుపత్రి నర్సు వచ్చి, ఆపరేషను చేసిన కన్ను రెండోదానికంటే చిన్నగా ఉండాలి, ఉంది, అని ఓటు వేసి డ్యూటీకి పరుగెత్తింది. స్టేషన్లో పాత కూలీలు పాతికమంది ఒకేసారి దిగారు. తాత చెల్లెలు ఇద్దరు కోడళ్ళను వెంటబెట్టుకొచ్చింది. బొమ్మ చూసి, "అన్నయ్యా, అచ్చం నాన్నలా అయిపోయావు," అని కళ్ళొత్తుకుంది. దర్జీ గారి ఖాతాదారులు, అంటే సగం ఊరు, కుట్టించుకున్న బట్టలతోనే వచ్చారు. పలక మీద అంకెలు చెరపలేక నా చెయ్యి సుద్దయిపోయింది.

మూడోరోజు సాయంత్రం ఐదింటికి ముగింపు. పావు తక్కువ ఐదుకు పలక మీద నూట ఎనభై ఎనిమిది, నూట ఎనభై ఎనిమిది. హాల్లో సందర్శకులు లేరు. విభాగాధిపతి గారు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. ఆ అమ్మాయి గోడకానుకుని నిలబడింది. వాళ్ళ నాన్న పక్కన కుర్చీలో, పెదాలు కదుపుతూ. తాత స్టూలు మీద, కదలకుండా.

అమ్మాయి నావైపు చూసింది. సార్, మీరు వెయ్యలేదు కదా, అంది. గట్టిగా కూడా అనలేదు. కన్వీనరుకు ఓటు లేదని నిబంధనల్లో ఎక్కడా లేదు. ఉందేమోనని వెతకడానికి నిబంధనల పుస్తకం తెరిచాను. నూటనాలుగు పేజీలు. అంత శ్రద్ధగా నేను మరే పుస్తకమూ చదవలేదు. అరవైయ్యో పేజీలో ఉండగా, ఐదుకు మూడు నిమిషాలుందనగా, ఒక సందర్శకుడు వచ్చి చీటీ వేసి వెళ్ళాడు. ఐదు కొట్టింది. నూట ఎనభై తొమ్మిది, నూట ఎనభై ఎనిమిది. ఆదర్శ చిత్రం గెలిచింది.

అమ్మాయి ఫెయిలైంది. బడివాళ్ళు ఇంకొకరిని తీసుకున్నారు, మా పాత విద్యార్థే, మీసం బాగా వేస్తాడు. ఈ పిల్ల ఇప్పుడు నాన్న దుకాణంలో కూర్చుంటోంది. మోడల్‌ను పోలని కారణంగా తాతను మోడల్ ఉద్యోగం నుంచి తొలగించాం. గదిలో మోడల్ ఉండాలన్న నిబంధన ఉంది గనక, ఆదర్శ చిత్రాన్నే స్టూలు మీద కూర్చోబెట్టాం. సెలవులు అడగదు. ఎప్పటికీ మారదు. వచ్చే ఏడాది ఫలితాలు నూటికి నూరు శాతం ఉంటాయని విభాగాధిపతి గారు పత్రికలకు ముందే చెప్పేశారు.

ఆ చివరి ఓటు కోసం విభాగాధిపతి గారే ఎవరినో తెప్పించారని ఊళ్ళో అంటున్నారు. అభాండం. ఆ సందర్శకుడు మీరు. భయపడకండి, రహస్య ఓటు, పేరు ఎక్కడా రాయలేదు. పాపం మీరు అటుగా పోతూ, తలుపు తీసి ఉంది కదా అని లోపలికొచ్చారు. మంచివారే, చూడగానే తెలుస్తుంది. చీటీ తీసుకుని, ప్రశ్న రెండుసార్లు చదువుకుని, గోడ దగ్గరికి వెళ్ళారు. ఓటు ఊరికే వెయ్యకూడదు, బాగా చూసి వెయ్యాలి అన్నారు కూడా. అప్పుడు మీకూ బొమ్మలకూ మధ్య ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. "ఏమనుకోకండి పెద్దాయనా, కొంచెం పక్కకి జరుగుతారా, బొమ్మలు సరిగ్గా కనపడట్లేదు," అన్నారు మీరు, ఎంతో మర్యాదగా. ఆయన లేచి, స్టూలు చంకన పెట్టుకుని, గుమ్మం దాకా జరిగాడు. మీరు థాంక్స్ చెప్పి, తీరిగ్గా రెండు బొమ్మలూ చూసి, ఓటు వేశారు.